రాయగడ ఘాట్లకు ఏ చక్రాలు? కొనేముందు వెనక స్పోకులు ఒకసారి మీటి చూడండి

ఒడిశా రాయగడ తమ్ముడు అడిగిన సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను, లేకపోతే మిగతావాళ్లకు నా జవాబు తలాతోకా లేకుండా ఉంటుంది. అల్యూమినియం ఫ్రేము రోడ్ బైకు, వెనక తొమ్మిది పళ్లచక్రాల షిమానో సోరా గేర్లు, రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టి ఆపేవి), 25 మిల్లీమీటర్ల టైర్లు. మనిషి బరువు 82 కిలోలు. వెనక చక్రంలో చెయిన్ వైపు స్పోకు ఇప్పటికి రెండుసార్లు తెగింది. చేతిలో 45 వేలున్నాయి. ఆన్‌లైన్‌లో 50 మిల్లీమీటర్ల లోతున్న కార్బన్ చక్రాలు చూసి మనసు పారేసుకున్నాడు. మామూలు రోజుల్లో పార్వతీపురం రోడ్డు, నెలకోసారి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ ఘాట్లు, చలికాలంలో విశాఖ వెళ్లి 200 కిలోమీటర్ల బీఆర్ఎం (గడువులోపల పూర్తిచేయాల్సిన దూరపు సైకిలు యాత్ర). ఏ చక్రాలు కొనాలి అన్నా, అని ప్రశ్న.

ఆ కార్బన్ చక్రాలు మాత్రం వద్దు. ఎందుకు వద్దో, వాటి బదులు ఏం చేయాలో కింద చెబుతాను. నేను జయపురంలో పుట్టి పెరిగినవాణ్ణి, పందొమ్మిదేళ్లుగా ఈ రోడ్ల మీదే తొక్కుతున్నాను, పన్నెండేళ్లుగా నా చక్రాలు నేనే కట్టుకుంటున్నాను. కాబట్టి నా మాటల్లో బెంగళూరు వాసన తక్కువ, ఎర్రమట్టి వాసన ఎక్కువ ఉంటుంది. సర్దుకోండి.

మొదట ఆ తెగిన స్పోకుల సంగతి తేల్చుకుందాం. చక్రం బలహీనమైనది కాబట్టి తెగాయని మీరు అనుకుంటున్నారు. నాకైతే అలా అనిపించడం లేదు. సైకిలు నిలబెట్టి వెనక చక్రం చెయిన్ వైపు స్పోకుల్ని ఒక్కొక్కటిగా వేలితో మీటుతూ చుట్టూ రండి. ఒకే వైపున ఉన్నవన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి టింగుమని, పక్కది టబ్బుమని, మూడోది అసలు పలకకుండా ఉందంటే జబ్బు అక్కడే ఉంది. ఈ ధరలో వచ్చే సైకిళ్ల చక్రాలు చాలామటుకు మిషన్ మీద కట్టినవి. చూపుకు వంకర లేకుండా తిరుగుతాయి గానీ బిగువు తక్కువగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది.

బిగువు తక్కువైతే ఏమవుతుందంటారా? చక్రం నేలను తాకే చోట ఉన్న స్పోకులు ఆ క్షణంలో కాస్త వదులవుతాయి, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తాయి. మన సైజు చక్రం ఒక చుట్టుకు 2.1 మీటర్లు నడుస్తుంది, అంటే కిలోమీటరుకు 475 చుట్లు. పార్వతీపురం రానూ పోనూ 90 కిలోమీటర్లు వేసుకుంటే ఒక్క పూటలో ప్రతి స్పోకూ 42 వేలసార్లు వదులై బిగుసుకుంటుంది. సరిపడా బిగువుంటే ఏ క్షణంలోనూ పూర్తిగా వదులవదు, హబ్బు (చక్రం మధ్యలో ఉండే బొడ్డు) రంధ్రంలో తగులుకునే దాని వంపు కదలదు. బిగువు లేకపోతే ఆ వంపు దగ్గర సన్నగా కదులుతూనే ఉంటుంది. ఇనప తీగను చేత్తో అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అదే వ్యవహారం. మీ స్పోకులు కూడా ఆ వంపు దగ్గరే తెగి ఉంటాయి, చూసుకోండి. అంటే తెగింది బరువుకు కాదు, వదులుకు.

చెయిన్ వైపే ఎందుకు తెగుతాయన్నదానికి కారణం వేరు. క్యాసెట్‌కు (వెనక పళ్లచక్రాల గుత్తికి) చోటివ్వాలి కాబట్టి వెనక చక్రంలో కుడివైపు స్పోకులు దాదాపు నిటారుగా నిలబడతాయి, ఎడమవైపువి ఏటవాలుగా వెళ్తాయి. రిమ్ మధ్యలో నిలవాలంటే కుడివైపు బాగా బిగించక తప్పదు. కుడివైపు 110 కిలోల బిగువు ఉంటే ఎడమవైపు అందులో సగం, మహా అయితే సగం మీద కాస్త ఉంటుంది. అంటే భారం ఎక్కువగా మోసేది కుడివైపే, అక్కడ బిగువు చాలకపోయినా, ఎగుడుదిగుడుగా ఉన్నా దెబ్బ ముందు వాటికే. కాబట్టి ఎడమ, కుడి శ్రుతులు వేరుగా ఉంటే కంగారు పడకండి. ఒకే వైపున తేడా ఉంటేనే బాధ.

రెండు తెగాయి కాబట్టి మూడోది కూడా దారిలోనే ఉందనుకోండి. ఒకే బిగువుతో, ఒకే రోజు పుట్టిన స్పోకులవి, ఒకే రకంగా అలిసిపోయి ఉంటాయి. తెగినదాన్ని మాత్రం మారుస్తూ కూర్చుంటే నెలకోసారి అదే పని. కుడివైపువన్నీ ఒకేసారి మార్పించి బిగువు సరిచేయిస్తే, కొత్త చక్రాలు వచ్చేదాకా ఆ పాత చక్రం నమ్మకంగా పనిచేస్తుంది, తర్వాత వానాకాలం చక్రంగా మిగులుతుంది. కొత్తవి కొన్నా దీన్ని పారేయొద్దని చెప్పడం నా ఉద్దేశం.

ఇక నా కథ. ఎనిమిదేళ్ల కిందట నేనూ మీలాగే మనసు పారేసుకున్నాను. వెనక ఇరవై స్పోకులు మాత్రమే ఉన్న తేలికపాటి చక్రాల జత, కత్తుల్లాంటి పలక స్పోకులు, వాటికి ఆ కంపెనీ వాళ్లదే ప్రత్యేకమైన నిపుల్ (స్పోకును రిమ్‌కు బిగించే చిన్న మర). కంపెనీ పేరెందుకు లెండి, చక్రం తప్పు కన్నా నా తెలివితక్కువే ఎక్కువ. ఆ రోజు జయపురం నుంచి తెల్లవారక ముందే బయల్దేరి కోరాపుట్, సెమిలిగుడ దాటి పొట్టంగి వైపు పోతున్నాను. పొట్టంగి ఇంకా రాలేదు, రోడ్డు మీద ఎవరో కోసిన కాలవ, మట్టితో పూడ్చి వదిలేశారు. వెనక చక్రం అందులో పడింది, పెన్ను విరిచినట్టు చప్పుడు. ముప్ఫైరెండు స్పోకుల చక్రంలో ఒకటి పోతే బ్రేకు కాస్త వదులు చేసుకుని ఇంటికి రావచ్చు. ఇరవైలో ఒకటి పోతే రిమ్ ఒక్కసారిగా అరంగుళం పక్కకు పోయి ఫ్రేముకు రాసుకుంది. చక్రం తిరగదు. కుందులి సంత నుంచి కూరగాయల బస్తాలతో తిరిగొస్తున్న ఒక బండివాడు దయతలచి ఎక్కించుకున్నాడు, అల్లం బస్తాల మీద సైకిలు, సైకిలు పక్కన నేను.

జయపురంలో మాకు తెలిసిన ముసలి మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. చక్రం చేత్తో పట్టుకుని రెండుసార్లు తిప్పాడు, నిపుల్‌కు తన స్పోకు తాళం (నిపుల్ తిప్పే చిన్న పరికరం) పెట్టి చూశాడు, పట్టలేదు. పక్కన వేలాడుతున్న ఒక మామూలు సైకిలు చక్రం చూపించి "ఏయి చకా ఠిక్ అఛి" అన్నాడు, అంటే ఈ చక్రం బాగానే ఉంది అని. నా చక్రం గురించి ఒక్క ముక్క కూడా అనలేదు. ఆ స్పోకు కోసం నేను ఇరవైమూడు రోజులు ఎదురుచూశాను. మంచి చలికాలం, ఘాట్ల మీద పొద్దున్నే మంచు, తొక్కడానికి ఏడాదిలో ఉండేవి ఆ నాలుగు వారాలు, నేను ఇంట్లో కూర్చున్నాను.

అప్పటి నుంచి చక్రం గురించి నేను మొదట అడిగేది ఒక్కటే: ఇది పాడైతే నా ఊళ్లో బాగవుతుందా? హైదరాబాద్‌లోనో పుణెలోనో ఉన్నవాడికి ఈ ప్రశ్న అవసరం లేదు, సాయంత్రానికి షాపులో పడేసి వస్తాడు. రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో, జయపురంలో ఉన్నవాడికి మాత్రం మొదటి ప్రశ్న అదే.

బరువు మాటకొద్దాం. మీ ఇప్పటి చక్రాలు రెండూ కలిపి రెండు కిలోల పైనే ఉంటాయి. నేనైతే నావి ఊళ్లో కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూచాను, కొట్టాయన బెల్లం దిమ్మె పక్కన పెట్టి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ కార్బన్ జత కిలోన్నర. అంటే అర కిలో తగ్గుతుంది. మీరు 82, సైకిలు, నీళ్లు, సామాను కలిపి 12 అనుకుంటే మొత్తం 94 కిలోలు. అందులో అర కిలో అంటే నూటికి అర వంతు పైచిలుకు. గంటసేపు పట్టే ఘాట్ ఎక్కుడులో మీకు మిగిలేది 19 సెకన్లు. సీసాలో నీళ్లు తాగేసినా అంతే బరువు తగ్గుతుంది. తిరిగే బరువు రెండింతలతో సమానం కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ లెక్క వేగం పుంజుకునేటప్పుడు మాత్రమే, అదీ రిమ్ అంచున ఉన్న బరువుకే. ఒకే తీరున ఎక్కుతూ పోయేవాడికి బరువంటే బరువే, తిరిగినా తిరగకపోయినా ఒకటే.

మరి లోతైన రిమ్‌కు గాలి కోసుకుపోయే గుణం లేదా అంటే, ఉంది, అది అబద్ధం కాదు. గాలిని నెట్టడానికి పెట్టాల్సిన శక్తి వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 35 కిలోమీటర్ల వేగంతో గంటలకొద్దీ తొక్కేవాడికి ఆ రిమ్ పనికొస్తుంది. ఘాట్ మీద గంటకు పది కిలోమీటర్లతో ఎక్కేవాడికి గాలి అడ్డే కాదు. 200 బీఆర్ఎంకు గడువు పదమూడున్నర గంటలు. అంటే ఆగడాలన్నీ కలుపుకుని సగటున గంటకు 15 కిలోమీటర్లు దాటకపోయినా పూర్తవుతుంది. ఆ గడువును తినేసేది రిమ్ లోతు కాదు, పంక్చర్లూ, నడుం నొప్పీ, టిఫిన్ దగ్గర కూర్చున్న గంటా. పైగా మన రోడ్డు మీద కాగితం మిల్లుకు కర్ర మోసే లారీలు పక్క నుంచి దూసుకుపోతుంటే లోతైన ముందు చక్రం చేతుల్లోంచి హ్యాండిల్ లాక్కున్నట్టు ఉంటుంది. స్నేహితుడి సైకిలు మీద ఒకసారి తొక్కి చూశాను, మళ్లీ అడగలేదు.

అసలు భయం మాత్రం బ్రేకుల దగ్గర. మీవి రిమ్ బ్రేకులు. పొట్టంగి దాటి సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు దిగారనుకోండి. 94 కిలోల బరువు వంద మీటర్ల ఎత్తు దిగితే ఒక గ్లాసు నీళ్లను చన్నీళ్ల నుంచి మరిగించేంత శక్తి బయటపడుతుంది. కొంత గాలికి పోతుంది, మిగిలిందంతా బ్రేకు పట్టే చోట రిమ్‌లో వేడిగా దిగుతుంది. ఘాట్ అంటే వందల మీటర్లు, ప్రతి వందకూ ఒక గ్లాసు. మలుపుకో లారీ ఉంటే బ్రేకు వదలడానికే ఉండదు. అల్యూమినియం ఆ వేడిని చక్రమంతా పంచేసి గాలికి వదిలేస్తుంది. కార్బన్‌కు ఆ గుణం తక్కువ, వేడి ఉన్నచోటే ఉండిపోతుంది. హద్దు దాటితే లోపలి జిగురు మెత్తబడి టైరు పట్టుకునే అంచు ఉబ్బుతుంది. పేరున్న కంపెనీలు దీనికి ప్రత్యేకమైన రెసిన్లు, ప్యాడ్లు తయారుచేశాయి గానీ, పేరూ ఊరూ లేని 45 వేల జతలో ఏం వాడారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇంకోమాట, కొత్తగా వస్తున్న పల్చటి టీపీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబులు కొన్నింటి పెట్టె మీదే రిమ్ బ్రేకుకు వాడొద్దని రాసి ఉంటుంది. చదివి కొనండి. ఘాట్ దిగేవాడికి మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబే మేలు.

వానలో ఇంకో తమాషా. ఒక ఆగస్టులో కోరాపుట్ నుంచి జయపురం ఘాట్ దిగుతుంటే బ్రేకు నొక్కినప్పుడల్లా గరగరమని ఇసుక నమిలినట్టు చప్పుడు. ఇంటికొచ్చి ప్యాడ్లు ఊడదీసి చూస్తే రబ్బరులో వెండి రజనులా మెరుస్తున్న అల్యూమినియం ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. ఎర్రమట్టి ప్యాడ్‌లో ఇరుక్కుని రిమ్‌ను చెక్కింది, చెక్కిన ముక్కలు మళ్లీ ప్యాడ్‌లోనే దిగి ఇంకా చెక్కాయి. పిన్నీసుతో ఒక్కొక్కటీ పీకి, ప్యాడ్‌ను గరుకు కాగితం మీద రుద్ది మళ్లీ బిగించాను. వానాకాలంలో వారానికోసారి ఈ పని చేయండి. రిమ్ బ్రేకు ఉన్నంతకాలం రిమ్ అరిగిపోయే వస్తువే. అంచు మీద చిన్న గుంటో గీతో ఉంటుంది, అది కనపడకుండా పోయిందంటే రిమ్ పని అయిపోయినట్టే. ఇనప స్కేలు అంచుకు ఆనించి చూసినా, మధ్యలో పల్లెంలా లోతు కనిపిస్తే మార్చేయాలి. అందుకే మనలాంటి చోట రిమ్ ఒక్కటే విడిగా మార్చుకోగలిగే చక్రం కావాలి.

ఇప్పుడు మీ డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతాను.

మొదటిది టైర్లు, చక్రాల కన్నా ముందు. ఒకే గాలి పెడితే సన్నటి టైరు కన్నా వెడల్పు టైరే తక్కువ శక్తితో దొర్లుతుంది. గతుకుల రోడ్డు మీద గాలి కాస్త తగ్గిస్తే ఇంకా నయం, ఎందుకంటే 110 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టిన 25 టైరు ప్రతి గతుకుకూ మిమ్మల్నీ సైకిల్నీ పైకి ఎగరేస్తుంది, ఆ ఎగరేసే శక్తి పెట్టేది మీ తొడలే. మీ ఫ్రేములో పడితే 28 వేయండి. మీ బరువుకు వెనక 75, ముందు 70 దగ్గర మొదలుపెట్టి మీ రోడ్డుకు తగ్గట్టు రెండేసి పీఎస్ఐ అటూ ఇటూ జరుపుకోండి. పడుతుందో లేదో చూడటానికి ఇప్పుడున్న టైరుకు బ్రేకు కింద, ఫోర్కు కింద, వెనక చెయిన్ స్టేల (చక్రానికి రెండు వైపులా ఉండే ఫ్రేము గొట్టాల) మధ్య 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీ దూర్చి చూడండి. అన్నిచోట్లా సులువుగా దూరి, ఇంకా చోటు మిగిలితే 28 పెట్టొచ్చు. వెడల్పు రిమ్ మీద 28 టైరు 29, 30 దాకా ఉబ్బుతుందని మరిచిపోకండి. చెయిన్ స్టేల దగ్గర మట్టి కోసం కూడా కాస్త సందు ఉంచాలి.

రెండోది రిమ్. లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లున్న అల్యూమినియం రిమ్ తీసుకోండి, లోతు 25, 30కి మించొద్దు. మీ పాత రిమ్ బహుశా 15, 17 ఉంటుంది, కాబట్టి కొత్తది వేశాక బ్రేకు తీగ వదులు చేసుకోవాల్సి వస్తుంది, అది ఐదు నిమిషాల పని. ముందు 28, వెనక 32 రంధ్రాలు. మీ బరువుకు వెనక 28 కూడా సరిపోతుందనేవాళ్లున్నారు, వాళ్లది తప్పు కాదు. కానీ ఆ నాలుగు స్పోకుల బరువు పాతిక గ్రాములు, నాకు అల్లం బస్తాలు గుర్తొస్తాయి.

స్పోకులు హబ్బు దగ్గర వంపు ఉండే మామూలువే కావాలి, వంపు లేని తిన్నటి స్పోకులు వద్దు. చివర్లు 2 మిల్లీమీటర్లుండి మధ్యలో 1.8కి సన్నబడే రకం తీసుకోండి. సన్నగా ఉంటే తొందరగా తెగుతుందని మన షాపుల్లో అంటారు, నిజం దానికి తలకిందులు. మధ్యలో సన్నటి భాగం రబ్బరులా కాస్త సాగి దెబ్బను మింగేస్తుంది, వంపు దగ్గర భారం తగ్గుతుంది. నిపుల్స్ ఇత్తడివి. అల్యూమినియం నిపుల్స్ మన వానలకు ఒకటి రెండేళ్లలో పట్టేసి, తిప్పబోతే గుండ్రమవుతాయి. ఆదా అయ్యేది ఒక జామకాయ బరువు కూడా కాదు.

హబ్బుల గురించి షోకు పడకండి. చెయిన్ ఆపగానే తుమ్మెదలా రొద చేసే హబ్బుకు డబ్బులెక్కువ, అంతకు మించి మీకు ఒరిగేదేమీ లేదు. నా దృష్టిలో రెండు దారులున్నాయి. ఒకటి షిమానో టియాగ్రా స్థాయి హబ్బు, లోపల విడి బాల్సు, అవి తిరిగే కోన్, కప్పు. వానలకు ముందొకసారి, వానలయ్యాక ఒకసారి విప్పి, కిరసనాయిలుతో కడిగి గ్రీజు పెట్టుకుంటే ఏళ్ల తరబడి తిరుగుతుంది. 13, 15 పల్చటి స్పానర్లు ఉంటే చాలు, మన ఊరి మిస్త్రీకి ఈ పని తాతల నాటి నుంచి తెలుసు. నిర్లక్ష్యం చేస్తే మాత్రం కప్పు గుంటలు పడుతుంది, కప్పు పోతే హబ్బే పోయినట్టు. రెండోది సీల్డ్ బేరింగ్ హబ్బు. ఇందులో కొనేముందు బేరింగ్ నంబరు అడగండి. 6902 లాంటి మామూలు నంబరైతే మోటార్లు, పంపులు బాగుచేసే వీధిలో బేరింగ్ షాపులో అడిగి తెచ్చుకోవచ్చు. వాళ్లకే ప్రత్యేకమైన సైజైతే వదిలేయండి.

కొలతల దగ్గర పొరపాటు పడ్డవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ఇది కాస్త నిదానంగా చదవండి. మీ ఫ్రేము వెనక సందు 130 మిల్లీమీటర్లు, ముందు 100, రెండూ క్విక్ రిలీజ్ (మీట తిప్పి బిగించేవి). డిస్క్ బ్రేకు సైకిళ్లకొచ్చే 142 త్రూ యాక్సిల్ (లావు ఇరుసు దూర్చి బిగించే) చక్రం చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే అది మీ ఫ్రేములో ఎక్కదు. ఫ్రీహబ్ (హబ్బు మీద క్యాసెట్ ఎక్కే భాగం) పదకొండు గేర్లకు సరిపోయేది తీసుకోండి. మీ తొమ్మిది గేర్ల క్యాసెట్ వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే దాని మీద కుదురుగా కూర్చుంటుంది. రేపు షిమానో 105 గేర్లకు మారినా చక్రం మార్చక్కర్లేదు. పాత పదిగేర్ల ఫ్రీహబ్ తీసుకుంటే మాత్రం పదకొండు గేర్ల రోడ్ క్యాసెట్లలో చాలా వాటికి చోటు చాలదు.

డిస్క్ బ్రేకు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకొక ముక్క. మీ రిమ్ అరగదు, వేడి కూడా రిమ్‌కు రాదు, కాబట్టి కార్బన్ మీద నాకున్న అభ్యంతరాల్లో సగం మీకు వర్తించవు. కానీ బ్రేకు హబ్బు దగ్గర పడుతుంది, ఆ మెలి స్పోకులే మోయాలి. అందుకని ముందు చక్రం కూడా స్పోకులు ఒకదాన్నొకటి దాటేలా కట్టినదై ఉండాలి. హబ్బు సెంటర్‌లాక్‌ది (డిస్కు రోటర్‌ను ఒకే రింగుతో బిగించేది) తీసుకుంటే అడాప్టర్‌తో ఆరు బోల్టుల రోటర్ కూడా బిగించుకోవచ్చు, ఆరు బోల్టుల హబ్బుకు సెంటర్‌లాక్ రోటర్ బిగించలేరు.

హుక్‌లెస్ రిమ్‌లంటూ కొన్ని వస్తున్నాయి, అంచుకు లోపలి కొక్కెం ఉండదు. వాటిలో 5 బార్, అంటే 72 పీఎస్ఐ దాటి గాలి కొట్టకూడదు, వాటికి సరిపోతుందని రాసి ఉన్న టైరే వేయాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ పందెంలో బెల్జియం సైక్లిస్టు థామస్ డి గెంట్ పడిపోయాక ఈ రిమ్‌ల మీద పెద్ద చర్చే నడిచింది. దారి పక్కన పంక్చర్ షాపులో కుర్రవాడు మర్యాద కోసం నిండా గాలి కొట్టి ఇచ్చే మన చోట నేను వాటి జోలికి పోను. ట్యూబ్‌లెస్ మీద నాకు కోపం లేదు గానీ మన ఎండకు పంక్చర్లు పూడ్చే లోపలి ద్రవం రెండు మూడు నెలలకే ఎండిపోతుంది, రాయగడలో అది దొరకాలి కదా. ఒకసారి ట్యూబుతో ఏడాది తొక్కి అప్పుడు ఆలోచించండి.

లెక్క ఇలా తేలుతుంది. రెండు మంచి 28 టైర్లు, ట్యూబులు కలిపి ఎనిమిది వేలు. రిమ్‌లు, హబ్బులు, స్పోకులు, కట్టే మనిషి కూలి కలిపి నాకు కిందటేడాది 24 వేల చిల్లర అయింది. కొత్త బ్రేకు ప్యాడ్లు, రిమ్ టేపు, స్పోకు తాళం ఇంకో రెండు వేలు. మిగిలిన పదకొండు వేలల్లో బీఆర్ఎం ఫీజు, విశాఖ రైలు ఛార్జీ, ముందురోజు రాత్రికి లాడ్జీ అన్నీ పోయినా ఇంకా మిగులుతాయి. కట్టించుకునే ఓపిక లేకపోతే షిమానో ఆర్ఎస్100 లాంటి రెడీమేడ్ జత తీసుకోవచ్చు. సుమారు 1.9 కిలోలు, అందం లేదు, గొప్ప లేదు, నమ్మకంగా తిరుగుతుంది. కాకపోతే దాంట్లో స్పోకులు తక్కువ, కొన్నప్పుడే ఒక్కో వైపువి రెండేసి అదనంగా తెప్పించి పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ చక్రాలు చూస్తే స్కేలు పెట్టి రిమ్ అంచు చూడటం, యాక్సిల్‌ను వేళ్లతో తిప్పి గరుకుగా ఉందేమో గమనించడం, హబ్బు రంధ్రాల చుట్టూ వెంట్రుక లాంటి పగుళ్లున్నాయేమో టార్చి వేసి చూడటం తప్పనిసరి. పగులు కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా వద్దు.

కట్టినవారి దగ్గర ఒక పని మీ ఎదురుగానే చేయించండి. చక్రం పూర్తయ్యాక పక్కపక్కన సమాంతరంగా ఉన్న స్పోకుల జతల్ని గుప్పిట్లో పట్టి గట్టిగా పిసకాలి, చుట్టూ అన్నింటినీ. అప్పుడు టిక్ టిక్ మని స్పోకులు వాటి వాటి చోట్లలో కూర్చుంటాయి, చక్రం కాస్త వంకరపోతుంది, మళ్లీ సరిచేయాలి. ఆ పిసకడం చేయని చక్రం మీ మొదటి ఘాట్ మీద ఆ పని తనంతట తానే చేసుకుంటుంది. చక్రం ఫ్రేము మధ్యలో ఉందో లేదో కూడా అక్కడే చూసేయండి. సైకిల్లో బిగించి బ్రేకు దగ్గర సందు చూడండి, తర్వాత చక్రాన్ని అటుది ఇటు తిప్పి బిగించి మళ్లీ చూడండి. రెండుసార్లూ రిమ్ ఒకే చోట నిలిస్తే మధ్యలో ఉన్నట్టు. 200 కిలోమీటర్లు తొక్కాక ఇంకోసారి మీటుతూ చుట్టూ రండి.

ఇక స్పోకు తాళం. మన షాపుల్లో ఉండే ఒకే తాళం అన్ని నిపుల్స్‌కూ వేసి తిప్పితే మూలలు గుండ్రమవుతాయి. మీ నిపుల్ కొలత ఎంతో కట్టినవారినే అడిగి, చాలావరకు 3.23 మిల్లీమీటర్లే ఉంటుంది, ఆ తాళం సొంతంగా కొని జీను సంచిలో వేసుకోండి. మిస్త్రీ దగ్గరకెళ్లినా మీ తాళమే ఆయన చేతికివ్వండి. వెనక కుడి, వెనక ఎడమ, ముందు, ఈ మూడింటి పొడవులు వేరువేరుగా ఉంటాయి. ఒక్కోటి రెండేసి స్పోకులు చెయిన్ స్టేకు టేపుతో చుట్టేయండి, పొడవులు ఒక చీటీ మీద రాసి అదే టేపు కింద పెట్టండి. వెనక కుడివైపు స్పోకు మార్చాలంటే క్యాసెట్ ఊడదీయాలి, కాబట్టి దాన్ని బిగించే లాక్‌రింగ్ తీసే పరికరం ఒకటి కొని వెంట ఉంచుకోండి. రోడ్డు మీద దానికి తగిన పెద్ద స్పానర్ ఏ లారీ మెకానిక్ దగ్గరైనా దొరుకుతుంది.

ఈలోగా ఆ పాత వెనక చక్రం మీటి చూశాక ఎన్ని స్పోకులు పలకలేదో, తెగినవి సరిగ్గా ఎక్కడ తెగాయో, వంపు దగ్గరా నిపుల్ దగ్గరా, కింద రాయండి. నిపుల్ దగ్గర తెగుంటే నేను పైన చెప్పిన కారణం కాదు, అప్పుడు రిమ్ రంధ్రాల సంగతి చూడాల్సి ఉంటుంది.